వెనక సీటు కింద బెల్లం

మా కారు చోడవరంలోకి సొంతంగా నడిచి రాలేదు. మా ఎడ్లు లాక్కొచ్చేయి.

జమీలు పోయేక చీడికాడ అవతల ఒక దివాణంలో సామాన్లు అమ్మేస్తంటే మా బావ దాసు వెళ్లి దాన్ని కొన్నాడు. దివాణం వాళ్లు దాన్ని పన్నెండేళ్లు బెల్లం వండే పాకలో పడేసేరు. ముందు కంపినీ పేరున్న బిళ్ల ఎప్పుడో ఊడిపోయింది. అంచేత చూసినోడల్లా తనకి తెలిసిన కంపినీ పేరు చెప్పేవాడు. కరణం గారైతే అది కారే కాదు, యుద్ధంలో కూలిన విమానం తలకాయ అన్నారు. ఆయన విమానం ఎప్పుడూ చూళ్లేదు. అయినా కరణం గారన్నారు గదా అని పది రోజులపాటు బుచ్చయ్యపేట నుంచి కూడా జనం విమానం చూడ్డానికి వచ్చేరు. రెక్కలు పాక వెనకాల ఎండబెట్టేమని నేను చెప్పేను. వెళ్లి చూసొచ్చి బాగున్నాయన్నవాళ్లు ఉన్నారు.

ఆ ఎడ్ల గురించి కూడా చెప్పాలి. పోయినేడాది నేను అప్ప అని పిలిచే మా అక్క చిన్నమ్మికి నొప్పులొచ్చినప్పుడు అనకాపల్లి ఆస్పత్రికి తీసుకెళ్లింది ఆ ఎడ్లే. పొద్దుటి బస్సు వెళ్లిపోయేక నొప్పులు మొదలయ్యేయి. సాయంత్రం బస్సు దాకా ఆగేటట్టు లేదు. బండి కట్టేం. సగం దారిలో వాన పట్టుకుంది, గోతిలో చక్రం దిగబడింది. మేం చక్రం లేవదీసేలోగా బిడ్డ బండిలో పుట్టేడు. ఏడవలేదు. బావ ఆ గుంటణ్ణి కండువాలో చుట్టుకుని మిగతా ఆరు మైళ్లూ బండి పక్కనే నడిచేడు. అప్ప బతికింది.

ఈ ఏడాది అప్పకి మళ్లీ నెల తప్పింది. మూడో నెల నిండిన వారానికే బావ కారు కొన్నాడు. యుద్ధంలో మిలట్రీ లారీ నడిపినోడు, ఇనుం అంటే బెదురు లేదు. మా అయ్య పోయేక మా ఇంటికి ఇల్లరికం వచ్చి మా చెరుకు చూసుకుంటన్నాడు. ఇంట్లో ఉన్నది అమ్మ, అప్ప, బావ, నేను. నాకు ఇరవయ్యేళ్లు. నన్ను పెదబాబు అంటారు. చినబాబు లేడు. నన్ను చూసేక మా అయ్య ఒకడు చాలన్నాడట.

"భాద్రపదం ఆఖరికి పురుడు," అన్నాడు బావ, కారుని పాకలోకి తోస్తూ. అప్పుడు చైత్రం. "అప్పటికి ఇది నడవాలి. గంటలో అనకాపల్లి సేరాలి. ఇంకేటీ అక్కర్లేదు నాకు."

పని మొదలెట్టేడు. పని అంటే తుప్పు. పైన చూస్తే కారు నల్లగా నిగనిగలాడేది గానీ చిన్న సుత్తితో కొడితే అసలు గొంతు బయటపడేది. బాగున్న రేకు ఖంగుమంటాది. లోపల్నించి తుప్పు తినేసిన రేకు తడిసిన అట్ట మీద కొట్టినట్టు దబ్బుమంటాది. బావ రోజంతా చెవి ఆనించి కొడుతూ ఉండేవాడు. దబ్బుమన్న చోట సుద్దముక్కతో సున్నా చుట్టేవాడు. వారం తిరిగేసరికి కారు నిండా సున్నాలే. మా ఊరి బడిపంతులు ఇన్ని సున్నాలు తన సర్వీసు మొత్తం మీద వెయ్యలేదన్నాడు.

ఎడం తలుపు అడుగు విప్పితే కుంచెడు తుప్పు రాలింది. కుడి తలుపు విప్పితే రెండు కుంచాలు. ఎక్కే మెట్టు విప్పినప్పుడైతే అమ్మ వంటింట్లోంచి వచ్చి, కారం కొట్టించేరేటి అని అడిగింది. తుప్పు తిన్న ముక్క కోసెయ్యడం, చుట్టూ కిరసనాయిలు పోసి ఇటికరాయితో తోమడం, కొత్త రేకు బిగించడం, దాని మీద సిందూరం రంగు పుయ్యడం. ఇదే పని. ఒక చోట అయిందనుకుంటే ఇంకో చోట దబ్బుమనేది. కొత్త సున్నా చుట్టిన రోజు బావ అన్నం తినేవాడు కాదు. కంచం ముందు కూర్చుని అన్నాన్ని కూడా వేలితో తట్టి చూసేవాడు.

అప్పుడప్పుడు అతని దిగులు పోగొడదామని నేను ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. పెట్రోలు టాంకులో ఎలక ఐదు పిల్లల్ని పెట్టిందనీ, వాటిలో రెండింటికి పెళ్లిళ్లు కూడా అయిపోయేయనీ చెప్తే, అరపూట టాంకు విప్పుకుని కూర్చున్నాడు. కారుకి పొద్దున్నే గంజి పోస్తే ఇంజను మెత్తబడతాదని అమ్మతో చెప్పేను. అమ్మ మూడ్రోజులు చెంబుతో గంజి తెచ్చి దీపాల ముందు పెట్టింది. కుక్క తాగేసేది. కారు తాగేసిందని అమ్మ సంతోషపడేది.

జ్యేష్ఠంలో ఒక రోజు బావ బోల్టుల కోసం వడ్డాది సంతకి బయల్దేరుతూ నన్ను పిలిచేడు.

"ఒరే పెదబాబు, ఎనక సీటు ఇప్పు. కింద రేకు, దాని కింద అడ్డ పట్టీ, రెండూ సుత్తితో కొట్టి సూడు. మీ అప్ప కూకునేది అక్కడే."

సీటుకి నాలుగు నట్లు. మొదటిదాన్ని తిప్పేను, కదల్లేదు. రెండోదాన్ని తిప్పేను, పానా జారి వేలు చితికింది. ఏట్లో చేపలు పడుతున్నాయని ఎవడో కేకేసేడు. వెళ్లిపోయేను.

సాయంత్రం బావ వచ్చి అడిగేడు. "సూసేవా?"

"సూసేను బావ. అద్దంలా ఉన్నాది. అందులో సూసుకుని తల దువ్వుకోవచ్చు."

బావ నవ్వేడు. కారు వచ్చేక అతను నవ్వడం అదే మొదలు. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. అప్ప నా వేపు చూసి, పోన్లేరా ఒక మంచి మాట చెప్పేవు అన్నట్టు తల ఊపింది. నేను ఏట్లోంచి తెచ్చిన చేపల పులుసే అది. నాకు మాత్రం సహించలేదు.

నాలుగు రోజుల తరవాత తోమా మేస్త్రి వచ్చేడు. యుద్ధం రోజుల్లో విశాఖపట్నంలో ఓడలకి రివిట్లు కొట్టినోడు, ఇప్పుడు మా ఊళ్లోనే కొలిమి పెట్టుకున్నాడు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ కొలిమి. కారు చుట్టూ రెండుసార్లు తిరిగేడు. చివరికి వెనక తలుపు తీసి సీటు మీద అరచెయ్యి పెట్టేడు.

"ఓడకైనా ఇంతేనండి," అన్నాడు బావతో. "పైన రంగేసి మెరిపించీవోళ్లం. నీల్లు మాత్రం ఎవుడూ సూడని గదిలోంచి వొచ్చీవి. ఈ సీటు నిండా కొబ్బరి పీసు. తడిస్తే నెల్రోజులైనా ఆరదు. దీని కింద సూసేరా?"

"పెదబాబు సూసేడు."

తోమా నా వేపు తిరిగేడు. "సూసేవేటి బాబూ?"

"సూసేను."

"కొట్టి సూసేవా?"

"కొట్టేను. ఖంగుమంది. రెండు వీధుల అవతలకి ఇనబడింది."

తోమా సీటు మీంచి చెయ్యి తీసేడు. బావ సుత్తి కింద పెట్టి గోడకి జారబడ్డాడు. "ఇంక ఇంతే తోమా. ఇంకో కన్నం గాని కనబడిందో, దీన్ని తూకానికి ఇచ్చేస్తాను. నా వల్ల కాదు."

తూకానికి ఇచ్చేస్తే మిగిలేది ఎడ్లు.

మర్నాడు వాళ్లంతా చెరుకు తోటకి వెళ్లేక నేను పాకలోకి వెళ్లేను. నట్ల మీద కిరసనాయిలు పోసి, గంటసేపు కూర్చుని, సీటు విప్పేను. పీచు కింద రేకు నల్లగానే ఉంది. సుత్తితో కొట్టేను. దబ్బుమని కూడా అనలేదు. సుత్తి లోపలికి వెళ్లిపోయింది. తీసేసరికి నా పిడికిలి పట్టేంత కన్నం. అందులోంచి కింద నేల, నేల మీద మా కోడి కనబడ్డాయి. కోడి తల ఎత్తి నా వేపు చూసింది.

అప్పుడే తోమా దగ్గరికి పరిగెత్తాల్సింది. ఆ మాట ఇప్పుడంటన్నాను. అప్పుడు నాకు వచ్చిన ఆలోచన వేరే.

పోయిన ఎండాకాలం ఒక కోమటి గారి మిద్దెకి గచ్చు పోస్తంటే నేను తట్టలు మోసేను. సున్నం, ఇసుక, కరక్కాయ నీళ్లు, అందులో పిడికెడు బెల్లం. ఆరిపోయేక దాని మీద మేకు దిగలేదు. ఇంత మిద్దె మోసేది, మా అప్పని మొయ్యదా. పైగా ఆ గచ్చు మేస్త్రి పిసినారితనం కొద్దీ పిడికెడే వేసేడు. మాది బెల్లం వండే ఇల్లు. పిడికెడు వేస్తే రాయి అయితే సగం దిమ్మ వేస్తే ఏమవుతాదో లెక్క వేసుకుని సగం దిమ్మ కరిగించి పోసేను. కన్నానికి కింద గోనె గుడ్డ కట్టి, పైనుంచి గచ్చు మెత్తి, చేత్తో సాపు చేసి, రెండ్రోజులకి పైన కాస్త గట్టిపడ్డాక నల్ల రంగు పూసేను. కొట్టి చూసేను. ఖంగుమనలేదు, దబ్బుమనలేదు. టక్కుమంది. టక్కు గురించి బావ ఎప్పుడూ ఏం చెప్పలేదు. మంచి శబ్దమే అనుకుని, నట్లు బిగించకుండా సీటు పైన పెట్టేసేను.

ఆషాఢంలో ఇంజను పలికింది. ఆ రోజు దాని మోతకి చీడికాడ కొండల మీద నెమళ్లు మేఘం అనుకుని ఆడేయంట. ఇది నేను చెప్పింది కాదు, నేను చెప్తే విన్నవాళ్లు చెప్పేరు. బావ కారుని ఊరి చివరిదాకా నడిపి తెచ్చేడు. ఆ పూట నుంచి అప్పకి ఒక అలవాటయ్యింది. మధ్యాన్నం పూట చేటలో చిక్కుడుకాయలు పట్టుకుని పాకలోకి వచ్చి, వెనక సీటు ఎక్కి కూర్చుని ఒలిచేది.

"ఇంట్లో అరుగు లేదేటి?" అన్నాను నేను.

"ఇందులో కూకుంటే ధైర్యంగా ఉంటాదిరా. అప్పుడే సగం దారి ఎల్లిపోయినట్టు ఉంటాది."

"ముందు కూకో. ముందు బాగుంటాది."

"ముందు మీ బావ సోటు. ఎనక నాది." అరచేత్తో సీటు నిమిరింది. "ఇక్కడ పడుకోబెట్టి తీసుకెల్తాడంట. కదలకుండా."

నేను ఆమె ఎక్కినప్పుడూ దిగినప్పుడూ పక్కనే నిలబడేవాణ్ణి. కదలకుండా కూర్చుంటే ఏం కాదని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. కారు ఒక్క గోతిలో పడితే ఏమవుతాదో చెప్పుకునేవాణ్ణి కాదు.

శ్రావణంలో వానలు పట్టేయి. వానతో పాటు చీమలొచ్చేయి.

మొదట ఒక వరస. గోడ పక్క నుంచి వచ్చి వెనక చక్రం ఎక్కి లోపలికి వెళ్లేయి. పసుపు చల్లేను. పసుపు పక్కనుంచి వచ్చేయి. కిరసనాయిలు పోసేను. కిరసనాయిలు ఆరేదాకా ఆగి, అప్పుడు ఇంకో రెండు వరసల్ని తోడు తెచ్చుకున్నాయి. నాలుగో రోజుకి మా పాకలో ఉన్నన్ని చీమలు జిల్లాలో ఇంకెక్కడా మిగల్లేదు. రాత్రీ పగలూ సీటు కిందకి నడవడం, తెల్లటి పొడి నోట కరుచుకుని బయటికి నడవడం. వేలు పెట్టి చూసేను. గచ్చు కింద చెమట పట్టినట్టు జిగటగా ఉంది. బెల్లం వానగాలికి నీరు కారుతుందని మా ఇంట్లో పసిపిల్లకైనా తెలుసు. అంత తెలిసినోణ్ణి, ఇనుం పక్కన అది ఏం చేస్తాదో తెలియనట్టు సగం దిమ్మ పోసేను.

"ఏటిరా, సీమల్ని సూస్తే అంత కోపం?" అంది అప్ప ఒక మధ్యాన్నం, నేను చీపురు పట్టుకుని కొడుతుంటే. "ఒగ్గీ, పోనీ ఆటిని. నేను ఎక్కడ కూకుంటే అక్కడికే వొస్తన్నాయి."

గుమ్మంలోంచి అమ్మ చూసి మురిసింది. "తీపి మోసుకొస్తన్నాయంటే ఇంటికి ఆడగుంట పుడతాదమ్మా. కొట్టకురా ఆటిని."

అప్ప కడుపు మీద చెయ్యి వేసుకుంది. "బతికున్నది పుడితే సాలు అమ్మా. గుంటైనా, గుంటడైనా."

నేను చీపురు పెట్టేసి బయటికి వెళ్లిపోయేను.

భాద్రపదం వచ్చింది. వినాయక చవితి మర్నాడు పొద్దున్న బావ కారు తుడిచి, ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేడు. అప్పని ఎక్కించుకుని ఒకసారి వడ్డాది దాకా వెళ్లొస్తాడట, దారిలో కుదుపు ఎంతుంటాదో చూడ్డానికి. అప్ప కొత్త చీర కట్టుకుంది. తోమా కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"బావ," అన్నాను. "అప్పని ఎక్కించకు."

"ఏం?"

"సీటు కింద కన్నం ఉంది."

బావ నిమ్మకాయ సరిచేస్తన్నాడు. తల ఎత్తలేదు. "ఎలక పెట్టిందేటి? ఎన్ని పిల్లలు ఈసారి?"

"నిజం బావ. నేను సూడకుండా సూసేనని సెప్పేను. తరవాత సూస్తే కన్నం. గచ్చు మెత్తేను."

"కారుకి గచ్చు," అన్నాడు బావ, తోమా వేపు చూసి. "ఇంకా నయం, పెంకులు నెయ్యలేదు."

అప్ప కూడా నవ్వింది. ఒక కాలు మెట్టు మీద పెట్టింది. నేను ఆమె భుజం పట్టుకుని పక్కకి లాగి, లోపలికి ఎక్కి, సీటు తీసి అవతల పారేసి, ఎంత ఎత్తు ఎగరగలనో అంత ఎగిరి రెండు కాళ్లతో ఆ రేకు మీద పడ్డాను.

పెద్ద చప్పుడేం కాలేదు. కాళ్లు నేల మీద ఆనేయి. నడుం దాకా కారులో ఉన్నాను, నడుం కింద పాకలో ఉన్నాను. చుట్టూ చీమలు. తొడలు రెండూ గీసుకుపోయి రక్తం వస్తంది. అప్ప మెట్టు మీద పెట్టిన కాలు తీసి నేల మీద పెట్టింది. కడుపు రెండు చేతుల్తో పట్టుకుంది.

బావ వచ్చి వంగి, విరిగిన గచ్చు ముక్క ఒకటి తీసేడు. చీమల్ని దులిపేడు. వాసన చూసేడు. తరవాత నాలిక మీద పెట్టుకున్నాడు.

"బెల్లం," అన్నాడు.

ముక్క చేతిలోనే పట్టుకుని నా వేపు తిరిగేడు. "ఎన్నాళ్లయింది?"

"జ్యేష్ఠం నుంచి."

"ఇది రోజూ దీని మీద కూకున్నాది," అన్నాడు, అప్ప వేపు చూడకుండా. "నీకు తెలుసు."

తెలుసని చెప్పేను. అతను కొడతాడనుకున్నాను. కొట్టుంటే బాగుండేది. ఆ ముక్క నా పక్కన పెట్టి ఇంట్లోకి వెళ్లిపోయేడు. అప్ప అరుగు మీద కూర్చుంది.

తోమా నన్ను కన్నంలోంచి పైకి లాగి, కారు కింద దూరి పడుకున్నాడు. బయటికి వచ్చేసరికి మొహం నిండా ఎర్ర పొడి. "ముందు పిడికిలంత కన్నమే అయ్యుంటాది," అన్నాడు. "నీ బెల్లం నీల్లు కారి పట్టీని తినేసినాది. రెండు జానలు పోయింది. సక్రం గోతిలో పడితే సీటుతో పాటు మనిషి రోడ్డు మీద ఉండును."

బావ గుమ్మంలోకి వచ్చేడు. తూకానికి ఇచ్చేస్తానంటాడని చూస్తన్నాను.

"అవుతాదా?" అని తోమానడిగేడు.

"దళసరి రేకు కావాలి. మామూలు డబ్బా రేకు ఆగదు. పట్నం ఎల్లి ఎతకాలి. నెల్రోజులైనా పడతాది."

"అన్ని రోజులు లేవు."

అమ్మ అప్పటిదాకా అప్ప పక్కనే కూర్చుంది. లేచి పాక వెనక్కి వెళ్లింది. అక్కడ మా అయ్య బెల్లం పెనం గోడకి ఆనించి ఉంటాది. అడుగు మాడి చిల్లి పడి ఐదేళ్లయింది. ఇనప సామాన్లోడు ఎన్నిసార్లడిగినా అమ్మ ఇవ్వలేదు. ఏటా గానుగ మొదలెట్టే రోజు దానికి బొట్టు పెడతాది.

"తోమా, దీని అంచులు సరిపోతాయేటి సూడు," అంది.

తోమా సుత్తితో కొట్టేడు. ఖంగుమని చాలాసేపు మోగింది. అమ్మ ఆ మోత ఆగేదాకా నిలబడి, లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి బావ నాతో మాటాడలేదు. సుత్తి మాత్రం నా చేతికిచ్చేడు. నేను కారు కింద వెల్లకిలా పడుకుని కొట్టడం, బావ పక్కనే పడుకుని వినడం. దబ్బుమన్న చోటల్లా అతను ఉలితో కోసేసేవాడు. ఖంగుమనేదాకా కోస్తూ పోయేం. రెండు జానలనుకున్నది మూరన్నర దాటింది. చీమల గూడు ఒకటి వచ్చింది, గుడ్లతో సహా. నాకు దాని మీద నాలుగు మాటలు తోచేయి. ఒకటీ అనలేదు.

పెనం అంచు కోసి, కొలిమిలో కాల్చి, వంపు తీసి, తోమా పట్టీకి కొలిచేడు. పదహారు రివిట్లు పడాలి. పన్నెండు పడ్డాయి. పదమూడోది కొలిమిలో ఎర్రబడుతుండగా అమ్మ కేకేసింది, నొప్పులొచ్చేయని.

నెల నిండడానికి ఇంకా పదిహేను రోజులుంది. పొద్దుటి బస్సు వెళ్లిపోయి గంటయింది. ఆకాశం నల్లగా ఉంది.

"పన్నెండు ఆగుతాయా?" అన్నాడు బావ.

తోమా పట్టకారు పట్టుకునే ఆలోచించేడు. "ఓడైతే ఒప్పుకోను. దీనికైతే, ఎవుడో ఒకడు ఆ రేకు మీద సెయ్యేసి కూకోవాలి. కదిలితే తెలియాలి. తెలిస్తే మెల్లగా నడపొచ్చు. తెలీకపోతేనే పెమాదం."

బావ నా వేపు తిరిగేడు. ఎనిమిది రోజుల తరవాత.

"నువ్వు కూకో. కదిలితే కదిల్నాదని సెప్పు. కదలకపోతే సెప్పకు."

సీటులో సగం మడిచేసి అప్పని ఎడం పక్క పడుకోబెట్టేం, తల అమ్మ ఒళ్లో. నేను కింద, సుత్తి మొలలో దోపుకుని, కాళ్లు ముడుచుకుని, రెండు అరచేతులూ పెనం ముక్క మీద ఆనించి కూర్చున్నాను. సిందూరం ఇంకా ఆరలేదు. చేతులు ఎర్రగా అంటుకున్నాయి. తోమా కారు బయల్దేరేదాకా కళ్లు మూసుకుని ప్రార్థన చేసేడు. అమ్మ నూకాలమ్మకి మొక్కుకుంది.

ఊరు దాటేక వాన దిగింది. అప్ప పళ్లు బిగబట్టి అరుపు మింగుతుంటే ఆమె చెయ్యి నా జుట్టు పట్టుకుని ఉంది. నేను వాన వినలేదు, అప్పని వినలేదు. అరచేతులతో ఇనుం వింటన్నాను. ఇంజను వణుకు ఒకటి. రోడ్డు కుదుపు ఒకటి. మూడోది రాకూడదు.

పోయినేడాది బండి చక్రం దిగబడిన చోటు నాకు తెలుసు. బావకీ తెలుసు. అక్కడికి వచ్చేసరికి కారు నెమ్మది చేసేడు. గోతిలో నీళ్లు నిండి ఎంత లోతో తెలియడం లేదు. ముందు చక్రం దిగి లేచింది. వెనక చక్రం దిగింది. నా ఎడం అరచెయ్యి కింద ఏదో టిక్కుమంది. మళ్లీ టిక్కు. వెంట్రుకంత.

చెప్తే ఆపుతాడు. ఆపితే ఈ గోతి దగ్గరే ఆగిపోతాం. అప్ప చెయ్యి నా జుట్టుని గట్టిగా లాగింది.

"బావ," అన్నాను. "ఎడం పక్క రివిట్టు కదుల్తంది."

బావ వెనక్కి తిరగలేదు. నిజమా అని అడగలేదు. కారు ఆపి, దిగి, వానలో బోర్లా పడుకుని కింద చూసేడు. లేచి వచ్చి అమ్మతో, "అత్తా, దాన్ని కుడి పక్కకి జరుపు," అన్నాడు. నాతో, "నీ బరువు ఎడం పక్క నుంచి తియ్. సెయ్యి మాత్రం తియ్యకు. టిక్కు పెద్దదైతే సెప్పు."

అక్కడి నుంచి ఆరు మైళ్లు. మనిషి నడిచేంత నెమ్మదిగా వెళ్లేం. ప్రతి గోతికీ బావ అడిగేవాడు. నేను చెప్పేవాణ్ణి. కదిలింది. కదల్లేదు. కదల్లేదు. కదిలింది, అంతే ఉంది. ఇరవయ్యేళ్లలో నేను మాటాడిన నిజాలన్నీ కలిపినా ఆ ఆరు మైళ్లలో చెప్పినన్ని ఉండవు.

ఆస్పత్రి గేటు దగ్గర అప్పని నర్సులు దింపుకుని వెళ్లిపోయేరు. అమ్మ వెనకాలే వెళ్లింది. నేను ఇంకా కిందే కూర్చున్నాను. చేతులు ఇనుం మీదే ఉన్నాయి. బావ వచ్చి ఒక్కొక్క చెయ్యీ పట్టుకుని విడదీసేడు. పెనం ముక్క మీద సిందూరంలో రెండు అరచేతుల అచ్చులు పడ్డాయి.

వరండాలో కూర్చున్నాం. వాన తగ్గింది. లోపల్నించి ఏ చప్పుడూ లేదు. చప్పుడు లేకపోవడం మా ఇద్దరికీ తెలిసిన సంగతి. బావ కండువా భుజం మీంచి తీసి, మడిచి, మళ్లీ భుజం మీద వేసుకున్నాడు. అలా ఎన్నిసార్లు చేసేడో.

అప్పుడు లోపల ఎవరో ఏడ్చేరు. సన్నగా, కోపంగా. ఆగింది. మళ్లీ ఏడ్చింది.

అమ్మ బయటికి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. "గుంట," అంది. "దిట్టంగా ఉన్నాది. సిన్నమ్మికి రగతం ఎక్కువ పోయింది, రెండ్రోజులు సూడాలంటన్నారు డాక్టరమ్మ. మాటాడతంది మాత్రం."

బావ గోడ వేపు తిరిగి నిలబడ్డాడు. నేను మెట్లు దిగి కారు దగ్గరికి వెళ్లేను. చక్రం పక్కన, ఆస్పత్రి గోడ నుంచి అప్పుడే ఒక చీమల వరస బయల్దేరింది. ఎక్కడో ఇంకా బెల్లం మిగిలుంది.

కాసేపటికి బావ వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. చీమల్ని చూసేడు. అవి వెళ్లే దారిని చూసేడు.

"ఇంకెక్కడైనా ఉందేటి?" అన్నాడు.

"ముందు ఎడం తలుపు కింద ఒకటుంది బావ. మొన్న సూసేను. ఏలు పడతాది."

"నువ్వేటైనా మెత్తేవా?"

"లేదు. అలాగే ఉంది."

అతను నేల మీద అరచెయ్యి ఆనించి, తడి మట్టిలో తల పక్కకి పెట్టి, కారు కిందకి చూసేడు. చూసి, సుత్తి కోసం నా వేపు చెయ్యి చాపేడు.